పన్ను పాలలో ఉంది డాక్టరుగారూ!

పాలపన్ను ఊడితే మన ఇళ్ళల్లో ఏం చేస్తామో మీకు తెలియంది కాదు. చిన్న పేడముద్ద తెచ్చి, అందులో ఆ పన్ను పెట్టి ఇంటి కప్పు మీదికి విసరమంటాం. పిల్లలకి అదో సరదా. ఇప్పుడు చాలా ఇళ్ళకి పేడా అందదు, పెంకుటిళ్ళూ తగ్గిపోయాయి. కానీ ఆ అలవాటు వెనకున్న ఆలోచన మాత్రం మన మనసులో అలాగే ఉండిపోయింది. ఊడిన పన్ను అంటే పారేసే వస్తువని.

పాలపన్ను సంగతి అంతే, అందులో తప్పేం లేదు. కానీ ఏడెనిమిదేళ్ళు దాటిన పిల్లలకి, పెద్దవాళ్ళకి దెబ్బ తగిలి ముందు పన్ను వేరుతో సహా ఊడి వచ్చిందనుకోండి. దాన్ని మళ్ళీ దాని చోటులో పెడితే అతుక్కుంటుంది. ఈ మాట ఎవరికైనా చెప్తే "ఊరుకోండి వదినగారూ, ఊడిన పన్ను అతుక్కోవడమేమిటి!" అని నవ్వుతారు. మనం నవ్వితే నవ్వొచ్చు, మనకి చెప్పినవాళ్ళు ఎవరు గనక? అసలు విషయం ఏమిటంటే, ఈ ముక్క క్యాజువాలిటీలో కూర్చున్న డాక్టర్లలో కూడా చాలామందికి సరిగ్గా తెలియదు. ఇది నేను కోపంతో అంటున్న మాట కాదు. పలు దేశాల్లో అత్యవసర విభాగాల డాక్టర్లకి ప్రశ్నపత్రాలిచ్చి అడిగి చూశారట. ఊడిన పన్నుని దేనిలో ఉంచాలి, ఎంతసేపట్లో పెట్టాలి, ఏ పన్ను పెట్టాలి, ఏది పెట్టకూడదు అన్న ప్రశ్నలకి తడబడినవాళ్ళు ఎక్కువమందే తేలారట.

మాకిది ఎలా తెలిసిందో చెప్తాను.

2013లో మా చిన్నమ్మాయికి పదేళ్ళు. అది ఒక శనివారం మధ్యాహ్నం. స్కూల్లో ఖోఖో ఆడుతూ, వేగంగా వెళ్ళి స్తంభానికి మొహం కొట్టుకుంది. పై పెదవి చీలింది, ముందు పన్ను ఒకటి వేరుతో సహా ఊడి మట్టిలో పడింది. వాళ్ళ డ్రిల్లు మాస్టారు మంచి తెలివైన మనిషి. పన్ను వెతికి తీసి, టీ కోసం తెప్పించిన పాలలోంచి అర గ్లాసు పోయించి, అందులో వేసి మా చేతికిచ్చారు. "ఎక్కడో శిక్షణలో చెప్పారమ్మా, పాలలో వెయ్యమని. డాక్టరు గారికి ఇలాగే ఇవ్వండి" అన్నారు. దెబ్బ తగిలిన ఇరవై నిమిషాలకల్లా మేము మా ఊళ్ళో ఒక ఆసుపత్రి క్యాజువాలిటీలో ఉన్నాం. ఒక చేత్తో పిల్లని, ఒక చేత్తో గ్లాసుని పట్టుకుని వెళ్ళాను.

డ్యూటీ డాక్టరు కుర్రవాడు. ఓర్పు ఉన్నవాడే. పిల్ల స్పృహలో ఉందా, వాంతులయ్యాయా, తల తిరుగుతోందా అని అన్నీ అడిగాడు. కళ్ళలో లైటు వేసి చూశాడు. ధనుర్వాతం ఇంజక్షన్ రాశాడు. నేను గ్లాసు చూపించి, "బాబూ, పన్ను తెచ్చాం. దీన్ని మళ్ళీ పెట్టొచ్చా?" అని అడిగాను. అతను గ్లాసులోంచి పన్ను తీసి, వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి, "వేరుతో వచ్చేసిందమ్మా, ఇది ఇక పనికిరాదు. తర్వాత పంటి డాక్టరుకి చూపించండి, కట్టుడు పన్ను పెడతారు" అని, దాన్ని ట్రేలో గాజుగుడ్డ మీద పెట్టాడు. పాలు నర్సు పారబోసింది.

ఆ తర్వాత ఎక్స్‌రే, పెదవికి కుట్లు, మందుల చీటీ, బిల్లు కౌంటరు. కుట్లు ఎంత చక్కగా వేశాడంటే, ఇప్పుడు మా అమ్మాయి పెదవి మీద గీత వెతుక్కోవాలి. ఆ పని అతనికి వచ్చు, శ్రద్ధగా చేశాడు. పన్ను సంగతి రాదు, కాబట్టి దాన్ని పక్కన పెట్టాడు. ఫ్యాను గాలికి ఆ పన్ను రెండు గంటలకి పైగా ఆ ట్రేలో ఆరుతూనే ఉంది.

వెళ్ళేముందు నేను దాన్ని అడిగి తీసుకున్నాను. మనసు ఒప్పక ఆ సాయంత్రమే పంటి డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాం. ఆవిడ పన్ను చూసి, గడియారం చూసి, ఒక్క క్షణం మాట్లాడలేదు. "పాలలో ఎంతసేపు ఉంది? బయట ఎంతసేపు ఉంది?" అని అడిగారు. చెప్పాను. "పాలలో ఉన్నంతసేపూ బాగానే ఉండి ఉంటుందమ్మా. ఆసుపత్రికి చేరాకే ఆరిపోయింది" అన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తే.

ఆవిడ చెప్పింది మీకు మన భాషలో చెప్తాను. మనవైపు వరినాట్లు చూసే ఉంటారు. మడిలోంచి నారు పీకి, కట్టలు కట్టి, వేళ్ళు ఎండకుండా నీళ్ళలో ఉంచి, పొలంలో నాటుతారు. నారు కట్టని గట్టు మీద ఎండలో పడేసి మర్నాడు నాటితే బతుకుతుందా? పన్ను కూడా అంతే. పంటి వేరు చుట్టూ, దాన్ని ఎముకతో కట్టి ఉంచే సన్నటి పొర ఒకటి ఉంటుంది. పన్ను ఊడినప్పుడు ఆ పొర తెగి సగం వేరుకి అంటుకుని వస్తుంది. అందులో ప్రాణమున్న కణాలుంటాయి. అవి బతికుండగా పన్నుని గుంటలో పెడితే పొర మళ్ళీ అతుక్కుంటుంది. ఆరిపోతే చచ్చిపోతాయి. ఆరుబయట గంట దాటితే ఇక వాటి మీద ఆశ పెట్టుకోనక్కర్లేదట.

అయితే నారుకి నీళ్ళు మంచివి గానీ పంటికి కాదు. ఎండుద్రాక్ష నీళ్ళలో వేస్తే ఎలా ఉబ్బుతుందో, మామూలు నీళ్ళలో ఆ కణాలు అలా నీరు పీల్చి ఉబ్బి పగిలిపోతాయి. పాలలో అలా జరగదు. పాలలోని లవణాలూ చిక్కదనమూ మన ఒంట్లోని ద్రవాలకి దగ్గరగా ఉంటాయి కాబట్టి కణాలు కొన్ని గంటలు ఓర్చుకుంటాయి. 1980ల మొదట్లో స్వీడన్ పరిశోధకులు ఈ సంగతి పరీక్షించి చూపించారు. పసిపిల్లలకి పట్టే పాలు పంటికి కూడా ప్రాణం నిలుపుతాయంటే నాకు ముచ్చటేసింది.

ఇంకా పాత లెక్క ఒకటుంది. 1966లో డెన్మార్క్‌కి చెందిన ఆండ్రీసన్ అనే దంతవైద్యుడు, ఆయన సహచరుడు కలిసి, ఊడిపోయాక తిరిగి పెట్టిన 110 పళ్ళ సంగతి పరిశీలించారు. అరగంటలోపు పెట్టిన పళ్ళలో నూటికి 90 వేరు కరగకుండా నిలిచాయి. రెండు గంటలు దాటాక పెట్టినవాటిలో నూటికి 95 వేరు కరగడం మొదలైంది. చూడండి, అదే పన్ను, అదే నోరు. తేడా అంతా గడియారంలో ఉంది.

మా అమ్మాయి పన్ను రెండో లెక్కలోకి వెళ్ళిపోయింది. అయినా పంటి డాక్టరమ్మ దాన్ని శుభ్రం చేసి, గుంటలో పెట్టి, పక్క పళ్ళకి సన్నటి తీగతో రెండు వారాలు కట్టారు. తర్వాత వేరుకి చికిత్స చేశారు. "ఇది నిలబడదమ్మా. కానీ పిల్ల ఎదిగేవరకూ అక్కడి ఎముకని కాపాడుతుంది, నలుగురిలో నవ్వుకోనిస్తుంది. అందుకోసం పెడుతున్నాను" అని ముందే చెప్పారు. ఆవిడన్నట్టే అయింది. పన్ను ఎముకకి గట్టిగా అతుక్కుపోయింది. పిల్ల ఎదుగుతుంటే మిగతా పళ్ళు కిందికి దిగాయి, అది మాత్రం పైనే ఉండిపోయింది. పదో తరగతి ఫొటోలో మా అమ్మాయి పెదాలు బిగించుకుని ఉంటుంది. నవ్వొస్తే అరచెయ్యి అడ్డం పెట్టుకోవడం దానికి అలవాటైపోయింది. 2018లో ఆ పన్ను తీసేశారు. దవడ ఎదుగుదల ఆగేదాకా ఇంప్లాంటు పెట్టకూడదు కాబట్టి, తీసి పెట్టుకునే కట్టుడు పన్నుతో కాలేజీ చదువంతా గడిపింది. 2024లో, 21వ ఏట, ఇంప్లాంటు పెట్టించాం. ఖర్చు సంగతి అలా ఉంచండి. చుట్టాల్లో ఒకావిడ "ఆడపిల్లకి ముందు పన్నే పోయిందా!" అని దాని ఎదురుగానే అన్న రోజున అది భోజనం చెయ్యలేదు. పన్ను ప్రాణం తీసే దెబ్బ కాదు, నిజమే. కానీ పదకొండేళ్ళు ఒక పిల్ల నోరారా నవ్వలేదంటే దాన్ని చిన్న దెబ్బ అనగలమా?

మరి డాక్టర్లకి ఎందుకు తెలియదు? ఇది నేను పంటి డాక్టరమ్మనే అడిగాను. ఆవిడ ఎవర్నీ నిందించలేదు. మన దేశంలో ఎం.బి.బి.ఎస్. చదువు వేరు, బి.డి.ఎస్. చదువు వేరు. కాలేజీలు వేరు, పుస్తకాలు వేరు. దేహమంతా చదివే డాక్టరుకి పళ్ళ దగ్గరికి వచ్చేసరికి "ఇది వాళ్ళ పని" అనిపిస్తుంది. పళ్ళు చదివే డాక్టరు రాత్రిపూట క్యాజువాలిటీలో ఉండడు. పంటి విభాగం ఉన్నచోట కూడా అది ఎక్కువగా పొద్దుటిపూట ఓ.పి.గానే నడుస్తుంది. పిల్లలేమో సాయంత్రాలు, ఆదివారాలు, సెలవుల్లో పడతారు. అసలు అత్యవసర వైద్యం అన్నదాన్ని మన దేశంలో ప్రత్యేక పి.జి. చదువుగా గుర్తించింది 2009లోనే. ఈ రెండు చదువుల మధ్య సందులో మన పిల్లల పళ్ళు పడిపోతున్నాయి.

ఇంకో మాట కూడా న్యాయంగా చెప్పుకోవాలి. మొహానికి దెబ్బ తగిలి వచ్చిన మనిషిని చూడగానే డాక్టరు ముందు పన్ను చూడకూడదు. గాలి ఆడుతోందా, రక్తం గొంతులోకి పోతోందా, తలలో దెబ్బ తగిలిందా అన్నవే చూడాలి. కింది దవడ బాగా విరిగితే నాలుక వెనక్కి జారి ఊపిరికి అడ్డం పడొచ్చు. ప్రాణం ముందు, పన్ను తర్వాత. అందులో తిరుగు లేదు. నేననేదల్లా, ప్రాణానికి భయం లేదని తేలిన తర్వాత కూడా పంటి గడియారం తిరుగుతూనే ఉంటుంది, దాన్ని చూసేవాళ్ళు ఆ గదిలో ఒకరుండాలి అని. డాక్టరు మిగతా పని చూసుకునేంతసేపూ పన్నుని పాలలోనే ఉంచితే చాలు. అంతకంటే సులువైన వైద్యం ఏముంటుంది?

తెలిసిన డాక్టరుంటే ఎంత తేడా వస్తుందో కూడా మా ఇంట్లోనే చూశాం. 2019లో మా మరిది స్కూటర్ మీద నుంచి పడ్డాడు. పెట్టుకున్నది టోపీలాంటి సగం హెల్మెట్, తల దక్కింది గానీ గడ్డం రోడ్డుకి కొట్టుకుంది. గడ్డం కింద రెండంగుళాల గాయం, అంతే. తనైతే రెండు కుట్లు వేయించుకుని ఇంటికొచ్చేద్దామనే చూశాడు. ఈసారి వెళ్ళింది వేరే ఆసుపత్రి. డ్యూటీలో ఉన్నది చిన్న వయసు డాక్టరమ్మ. గాయం చూడకముందే, "అంకుల్, పళ్ళు కలిపి కొరకండి. రోజూలాగే కలుస్తున్నాయా?" అని అడిగింది. మా మరిది కొరికి చూసి, "లేదమ్మా, ఎడంపక్క తగలట్లేదు" అన్నాడు. అప్పటిదాకా ఆయనకే తెలియదు! నోరు బాగా తెరవమంది. తెరిస్తే దవడ ఒక పక్కకి వాలుతోంది. చెవుల ముందు వేళ్ళు పెట్టి నొక్కి చూసింది. కింది పెదవి మొద్దుబారినట్టుందా అని అడిగింది. "గడ్డం మీద పడితే దెబ్బ గడ్డం దగ్గర ఆగదండీ, చెవి దగ్గరికి పోయి అక్కడ దవడ ఎముక విరుగుతుంది" అని చెప్పి, దవడంతా ఒకే ఫిల్ములో కనిపించే ఎక్స్‌రే తీయించింది. నిజంగానే చెవి పక్కన విరిగింది.

విజయవాడలో మొహం ఎముకల ఆపరేషన్లు చేసే సర్జను దగ్గరికి పంపింది. పై పళ్ళూ కింది పళ్ళూ కలిపి తీగతో కట్టారు. మూడు వారాలు స్ట్రాతోనే తిండి. అన్నాన్ని మెత్తగా ఉడికించి మిక్సీలో వేసి, పప్పుకట్టు కలిపి వడగట్టి ఇచ్చేది మా తోటికోడలు. రాగిజావ, వడగట్టిన టమాటా చారు, అరటిపండూ పాలూ కలిపి తిప్పిన షేక్, సగ్గుబియ్యం జావ. మనిషి నాలుగు కిలోలు తగ్గాడు గానీ ఇప్పుడు జంతికలు కూడా కరకరా నములుతున్నాడు. పిల్లలకి ఇలా చెవి దగ్గర విరిగినది కనిపెట్టకుండా వదిలేస్తే కీలు బిగిసిపోయి నోరు తెరుచుకోకుండా పోవచ్చునట. దవడ ఎదుగుదల ఆగి మొహం ఒక పక్కకి పోవచ్చునట. రెండు కుట్ల గాయం వెనక ఇంత కథ ఉంది.

నేను ఆ డాక్టరమ్మని అడిగాను, "నీకివన్నీ ఎక్కడ నేర్పారమ్మా?" అని. నవ్వి, "మా సీనియర్ ఒకాయన మొదటి వారంలోనే చెప్పారండీ. మొహానికి దెబ్బ తగిలి వచ్చినవాళ్ళని పళ్ళు కలుస్తున్నాయా అని అడగకుండా ఇంటికి పంపొద్దన్నారు" అంది. అంతే! దానికి కొత్త మిషనూ అక్కర్లేదు, లక్షల ఖర్చూ అక్కర్లేదు. ఒక సీనియర్ నోటి మాట. ఒకచోట ఆ మాట ఎవరో చెప్పారు, ఇంకోచోట చెప్పేవాళ్ళు లేరు. మా మరిది దవడ బాగుపడడానికీ, మా అమ్మాయి పన్ను పోవడానికీ తేడా ఇదే.

కాబట్టి అక్కచెల్లెళ్ళారా, వంటింట్లో కాస్త తీరిక చేసుకుని ఈ కింది సంగతులు గుర్తు పెట్టుకోండి. ఇవి నా సొంత వైద్యం కాదు. పంటి దెబ్బల మీద పనిచేసే అంతర్జాతీయ సంఘం 2020లో సవరించి ఇచ్చిన సూచనలని మా పంటి డాక్టరమ్మ విడమరిచి చెప్పినవి.

పన్ను ఊడిపడితే ముందు అది పాలపన్నా, అసలు పన్నా చూడండి. ఆరేళ్ళలోపు పిల్లల ముందు పన్ను దాదాపుగా పాలపన్నే. దాన్ని తిరిగి పెట్టకూడదు. పెడితే కింద ఎదుగుతున్న అసలు పన్ను దెబ్బతింటుంది. డాక్టరుకి మాత్రం చూపించండి. పెద్దగా, వెడల్పుగా, కొంచెం పసుపుగా ఉంటే అసలు పన్ను. ఆరు, ఎనిమిదేళ్ళ మధ్య అనుమానంగా ఉంటే పాలలో వేసి తీసుకెళ్ళండి, వాళ్ళే తేలుస్తారు.

అసలు పన్నుని తెల్లటి భాగం దగ్గరే పట్టుకోండి, వేరు ముట్టుకోవద్దు. మట్టి అంటితే పాలతోగానీ, సెలైన్‌తోగానీ మెల్లగా ఒకసారి కడగండి. అవి లేకపోతే కొళాయి నీళ్ళ కింద కొద్ది క్షణాలు పట్టినా ఫరవాలేదు, నానబెట్టడమే కూడదు. సబ్బు, డెట్టాలు, బ్రష్షు వద్దు. గోటితో గోకడం అసలే వద్దు.

మనిషి స్పృహలో ఉండి, సహకరిస్తే అక్కడికక్కడే పన్నుని గుంటలో పెట్టెయ్యడం అన్నిటికంటే మేలు. పక్క పన్ను చూసుకుని, ముందువైపు ముందుకే ఉండేలా మెల్లగా నొక్కి, శుభ్రమైన చేతిరుమాలు మడిచి కొరికి పట్టుకోమనండి. అలాగే పంటి డాక్టరు దగ్గరికి వెళ్ళిపోండి. చెయ్యి ఆడకపోతే బలవంతం లేదు, పాలలో వెయ్యండి. గుండె జబ్బు ఎక్కువగా ఉన్నవాళ్ళకి, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్ళకి డాక్టరు చెప్పకుండా పెట్టొద్దు.

పాలంటే మామూలు ప్యాకెట్ పాలు చాలు. కాచినవైతే చల్లారినవి. వేడిపాలు వద్దు, చక్కెర వద్దు, పుల్లటి మజ్జిగ వద్దు. పాలు దొరక్కపోతే దెబ్బ తగిలినవాళ్ళ ఉమ్మినే గ్లాసులో పట్టి అందులో ఉంచొచ్చు, లేదా సెలైన్‌లో. "కొబ్బరి నీళ్ళు పనికొస్తాయా?" అని మా అక్క అడిగింది. చెన్నైలో చేసిన ఒక పరీక్షలో, 2008లో, కొబ్బరి నీళ్ళు బాగా పనిచేశాయని వచ్చింది. తర్వాత వేరేచోట్ల చేసిన పరీక్షల్లో పాలే మేలని తేలింది. 2020 సూచనల్లో పాలకే పెద్దపీట. అందుకని పాలనే నమ్ముకుందాం. చేతిరుమాల్లో, దూదిలో చుట్టి జేబులో వేసుకోవడం మాత్రం వద్దు. ఏదీ లేకపోతే ఎండబెట్టడం కంటే నీళ్ళే నయం.

పన్ను విరిగితే ఆ ముక్క కూడా తడిగా ఉంచి తీసుకెళ్ళండి, చాలాసార్లు దాన్నే అతికిస్తారు. ముక్క దొరకలేదనుకోండి, పెదవి చీలి ఉంటే అందులో ఇరుక్కుందేమో చూడమని డాక్టరుకి చెప్పండి. కుట్లు వేసేశాక తెలిస్తే మళ్ళీ విప్పాలి. పన్ను మొత్తం కనబడకపోయినా, పిల్ల దగ్గుతూ ఆయాసపడుతూ ఉన్నా, ఊపిరితిత్తుల్లోకి పోయిందేమో అని ఛాతీ ఎక్స్‌రే తీస్తారు.

గాయం మీద కాఫీ పొడి, పసుపు అద్దకండి. మొహం మీద గాయంలో ఆ పొడి ఇరుక్కుంటే కడగడం కష్టం, మచ్చ పడుతుంది. శుభ్రమైన గుడ్డ పెట్టి పది నిమిషాలు వదలకుండా నొక్కండి. మొహంలో రక్తనాళాలు ఎక్కువ, అందుకే రక్తం ధారగా వస్తుంది, చూసి బెంబేలు పడొద్దు. మనిషిని కూర్చోబెట్టి కొంచెం ముందుకి వంచితే రక్తం గొంతులోకి పోదు. వాంతులు, మత్తు, కాసేపు స్పృహ తప్పడం, ముక్కులోంచి నీళ్ళలా పల్చగా కారడం, ఇలాంటివి ఉంటే 108కి ఫోన్ చెయ్యండి. అప్పుడు పన్ను సంగతి రెండోది. పాలలో వేసి వెంట పంపండి, చాలు.

ఆసుపత్రిలో మనం అడగాల్సినవి నాలుగే ప్రశ్నలు. పళ్ళు మునుపటిలాగే కలుస్తున్నాయా చూస్తారా? పెదవి గానీ, చెంప గానీ మొద్దుబారింది, ఎముక విరిగిందేమో చూస్తారా? వస్తువులు రెండుగా కనిపిస్తున్నాయంటున్నాడు, కంటి చుట్టూ ఎముక చూస్తారా? ముక్కు దెబ్బయితే, లోపల నడిమి గోడకి రక్తం గడ్డ కట్టిందేమో చూస్తారా? ఈ ఆఖరిది చాలామంది వదిలేస్తారట. ఆ రక్తం తియ్యకుండా వదిలేస్తే లోపలి మృదులాస్థి పాడై, ముక్కు దూలం కుంగిపోతుంది.

"డాక్టర్లకే మనం చెప్పడమేమిటి, కోప్పడరూ?" అంటారేమో. కోప్పడేవాళ్ళూ ఉంటారు. కానీ మర్యాదగా అడిగితే చాలామంది వింటారు. "డాక్టరుగారూ, పన్ను పాలలో ఉంది. దీనికి టైము తక్కువట. మీరు పెడతారా, లేక పంటి డాక్టరు గారికి ఒకసారి ఫోన్ చేస్తారా? అప్పటిదాకా పాలలోనే ఉంచుతాను" అని గ్లాసు మన చేతిలోనే పెట్టుకుని అడగండి. ఇందులో ఆయన్ని తక్కువ చేసే మాట ఒక్కటీ లేదు. పప్పులో ఉప్పు చూడమని అత్తగారిని అడిగినట్టే కదా!

డాక్టర్లకీ ఒక విన్నపం. ఈ పత్రిక మీ ఇంట్లో మీ అమ్మగారో, మీ ఆవిడో చదువుతూనే ఉంటారు. మీ క్యాజువాలిటీ గోడ మీద పాము కాటుకి, విషం మింగినవాళ్ళకి ఏం చెయ్యాలో చార్టు ఉంటుంది కదా. దాని పక్కన ఊడిన పంటికి కూడా ఒక చిన్న కాగితం అంటించండి. కింద మీ ఊళ్ళో రాత్రిపూట పలికే పంటి డాక్టరు నెంబరు, దగ్గర్లో దవడ సర్జను ఉన్న ఆసుపత్రి నెంబరు రాయండి. కొత్తగా వచ్చిన జూనియర్లకి మొదటి వారంలోనే ఆ ఒక్క మాట చెప్పండి. ఐదు నిమిషాల పని.

ఇక మన వంతు. మీ ఊళ్ళో సాయంత్రాలు, ఆదివారాలు తీసి ఉండే పంటి ఆసుపత్రి ఏదో ఇవాళే కనుక్కోండి. ఆ నెంబరు పాలవాడి లెక్క రాసుకునే క్యాలెండర్ మీదే రాసి పెట్టండి. పిల్లల స్కూల్లో డ్రిల్లు మాస్టారికి, ఆటల టీచరమ్మకి ఈ పేజీ చింపి ఇవ్వండి. మన ఇళ్ళల్లో ఏ వేళప్పుడైనా దొరికేది గ్లాసుడు పాలు. పిల్లలు ఆడుకోవడం మానరు, మానకూడదు కూడా. పడితే ఏం చెయ్యాలో మనకి తెలిసి ఉంటే చాలు.